చిన్నాన్న దవడలో ప్లేటు

బరంపురం

చిట్టీ, బాబీ,

మీ ఉత్తరం అందింది. బడిలో రాసేదంతా ఒడియాలోనే అయినా నాకు తెలుగులో రాశారు. గుణింతాలు అక్కడక్కడ తప్పాయి, పరవాలేదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి పిల్లలు మీరు, మానకుండా రాస్తూ ఉండండి.

చిన్నాన్న దవడలో పెట్టిన ఇనుము తుప్పు పడుతుందా, అయస్కాంతానికి అంటుకుంటుందా, ఎముకని ఎలా అతికిస్తుంది అని అడిగారు. అది ఇనుము కాదు, టైటానియం. తుప్పు పట్టదు, అయస్కాంతానికి అంటుకోదు. ఇక అతికించడమంటారా, ప్లేటు అసలు అతికించదు. ఎముక తనంతట తనే అతుక్కుంటుంది. అందాకా ముక్కలు కదలకుండా పట్టుకోవడమే ప్లేటు పని.

ఆ రోజు పాతపట్నం నుంచి వస్తుంటే బండి జారి గడ్డం నేలకి కొట్టుకుందా, మొదట చూసినచోట పైన చీలికకి కుట్లు వేసి ఇంటికి పంపేశారు. నాకు ఇప్పటికీ బాధే. రాత్రి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని "వదినా, పళ్ళు కలవట్లేదు" అన్నాడట. మీ అమ్మ ఫోన్లో ఆ మాట చెప్పగానే దవడ విరిగిందని నాకు అర్థమైపోయింది. పళ్ళు ఎప్పటిలా కలవకపోతే, నాలుక కింద రక్తం కమిలితే, ఎక్స్‌రే తీయకుండా వదలకూడదు. కింది దవడ గుర్రపు లాడంలా వంగి ఉంటుంది కదా, ఒకచోట దెబ్బ తగిలితే రెండోవైపు కూడా విరగడం మామూలే. చిన్నాన్నకి ఎడమ కోరపన్ను దగ్గర ఒకటి, కుడివైపు జ్ఞానదంతం వెనక ఇంకొకటి.

నేను ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేరిన కొత్తలో ప్లేట్లు అంతగా లేవు. పై పళ్ళనీ కింది పళ్ళనీ తీగలతో కలిపి కట్టేసేవారు. నాలుగు నుంచి ఆరు వారాలు నోరు తెరవడానికి లేదు, తిండి అంతా నీళ్ళలా జారేదే. మంచం తలాపున తీగలు కత్తిరించే కటర్ ఒకటి వేలాడదీసి ఉంచేవాళ్ళం. వాంతి వస్తే ఊపిరి ఆడదు, వెంటనే తీగలు తెంచాలి. రాత్రి డ్యూటీలో నా చూపంతా దాని మీదే ఉండేది.

1970లలో ఫ్రాన్సులో స్ట్రాస్‌బూర్గ్ నగరానికి చెందిన షాంపీ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు, దవడ నమిలేటప్పుడు ఎక్కడ తెరుచుకుంటుందో, ఎక్కడ నొక్కుకుంటుందో పరిశీలించారు. మీరూ చూడొచ్చు. ఒక ములక్కాడ తీసుకుని ఒక కొస గట్టిగా పట్టుకుని రెండో కొస కిందికి వంచండి. పైభాగం పగిలి నోరు తెరుస్తుంది, కిందిభాగం నొక్కుకుంటుంది. వెనకవైపు దవడ కూడా అంతే. అందుకని తెరుచుకునే పై అంచున ఒక సన్నటి ప్లేటు వేస్తే చాలు. ముందువైపు, గడ్డం దగ్గర, అలా కుదరదు. అక్కడ తడిబట్ట పిండినట్టు మెలితిరుగుతుంది, కాబట్టి ఒకదాని కింద ఒకటి రెండు ప్లేట్లు వెయ్యాలి. చిన్నాన్నకి మొత్తం మూడు పడ్డాయి.

ఆ ప్లేటు చూస్తే ఇంతేనా అంటారు. మందం ఒక మిల్లీమీటరు, మీ చిటికెన వేలి కొన అంత పొడుగు, నాలుగు రంధ్రాలు. స్క్రూలు రెండు మిల్లీమీటర్ల లావు, బియ్యపు గింజంత పొడుగు. ఎముక పైపెంకు వరకే దిగుతాయి. లోపల పళ్ళ వేళ్ళున్నాయి, పెదవికి స్పర్శనిచ్చే నరం ఒక సన్నటి గొట్టంలో పోతుంది, వాటికి తగలకూడదు. చిగుళ్ళ కిందే, నోటి లోపలే కోస్తారు, అందుకే బయట మచ్చ కనబడదు.

అన్నిటికన్నా నాకు నచ్చేది ఒకటుంది. డాక్టరు ముందు ఎముక వైపు చూడడు, పళ్ళు చూస్తాడు. పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలిపి, తీగలతో బిగించి, అప్పుడు ప్లేటు వేస్తాడు. నోరు మూసి చూడాలి కాబట్టే మత్తు గొట్టం ముక్కులోంచి దింపుతారు. పళ్ళు కలవకుండా ఎంత బాగా బిగించినా, తర్వాత అన్నం నమలడం కుదరదు.

బాబీ, నీకూ దవడ విరిగితే ఇలాగే చేస్తారా అన్నావు. నీ దవడలో ఇంకా మొలవని పళ్ళున్నాయి, స్క్రూ వాటికి తగిలే ప్రమాదముంది. అందుకే చిన్నపిల్లలకి వీలైనంతవరకు ప్లేటు లేకుండానే చూస్తారు. పిల్లల ఎముక త్వరగా అతుకుతుంది కూడా.

చిన్నాన్నకి ఆరు వారాలు మెత్తటివే పెట్టండి. చోడి అంబలి, పప్పుకట్టు, బాగా మెదిపిన అన్నం. జంతికలు ఆయనకి కనబడకుండా దాచండి. తిన్నాక ప్రతిసారీ ఉప్పునీళ్ళతో పుక్కిలించమనండి. ఎడమవైపు కింది పెదవి ఇంకా మొద్దుగా ఉందన్నాడు, నరం తేరుకోడానికి నెలలు పట్టొచ్చు. వేడిది తగిలినా తెలీదు పాపం. అంబలి చల్లార్చి, మీ మోచేతి లోపలివైపు ఒక చుక్క వేసుకుని చూసి, అప్పుడు ఇవ్వండి.

మీ
మామ్మ