యుద్ధం, డీఏపీ, మన పొలం: అపోహలు - వాస్తవాలు

టీవీలో యుద్ధం వార్త వచ్చిన మర్నాడే ఎరువుల దుకాణం ముందు చెప్పుల లైను మొదలవుతుంది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగినప్పుడు, 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలైనప్పుడు రైతులు నాకు ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: "సారూ, ఇప్పుడే కొని పెట్టుకోవాల్నా?" వ్యవసాయ విస్తరణలో పనిచేసేవాడిగా ఈ టెన్షన్ నాకు అర్థమవుతుంది. దాని మీద పుట్టే పుకార్లనే భరించలేను.

అపోహ: యుద్ధమొస్తే డీఏపీ (భాస్వరం, నత్రజని ఇచ్చే ఎరువు) దొరకదు, డీఏపీ లేకపోతే పంటే లేదు.

మొదటి మాటలో నిజముంది. డీఏపీలో ఎక్కువ భాగం ఓడల్లోనే రావాలి, ఇక్కడ తయారయ్యేదానికీ ముడిసరుకు బయటిదే. రెండో మాట మాత్రం శుద్ధ తప్పు. పంటకు కావాల్సింది భాస్వరం, డీఏపీ బస్తా కాదు. 50 కిలోల డీఏపీలో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని ఉంటాయి. మూడు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌కు 20 కిలోల యూరియా కలిపితే దాదాపు అంతే వస్తుంది, పైగా గంధకం, కాల్షియం అదనం. మోతకూలి కొంచెం ఎక్కువవుతుంది, అంతే.

ఇంకో సంగతి. వరికి ఎకరాకు 20 నుంచి 24 కిలోల భాస్వరం చాలు, అంటే ఒక్క బస్తా డీఏపీ. అదీ దమ్ములోనే, అంటే నాటుకు ముందు నీళ్లు పెట్టి దున్నేటప్పుడే వేయాలి. భాస్వరం మట్టిలో కదలదు, వేసిన చోటే ఉండిపోతుంది. నాటిన తర్వాత పైపాటుగా చల్లితే డబ్బు నీళ్లలో పోసినట్టే.

ఒక కౌలు రైతు యుద్ధ భయంతో అప్పు తెచ్చి, ఎక్కువ రేటు పెట్టి బస్తాలు కొని ఇంట్లో పేర్చాడు. ఇంట్లో సరుకుంటే చెయ్యి ఊరుకోదు. దమ్ములో ఒకటి, పిలకల దశలో మరొకటి చల్లాడు. నేను మడిలో దిగి చూసేసరికి ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు, పైరు గిడసబారి ఉంది. భాస్వరం ఎక్కువైతే పైరు జింకును తీసుకోలేదు. లీటరు నీటికి రెండు గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండుసార్లు కొట్టించాను. పైరు కోలుకుంది, అప్పు మాత్రం మిగిలింది. ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. పంట పోయినా కౌలు కట్టాల్సిన మనిషికి భయం ఉండదా?

అపోహ: యుద్ధంతో యూరియా రేటు పెరిగింది.

లేదు. 45 కిలోల బస్తా రూ.266.50. 2022-23లో యూరియా తయారీకి వాడే గ్యాస్ ధర మండినప్పుడు ఆ భారాన్ని కేంద్రం సబ్సిడీగా మోసింది. ఆ ఏడు ఎరువుల సబ్సిడీ సుమారు 2.5 లక్షల కోట్ల రూపాయలు.

అపోహ: రసాయన ఎరువులు ఒక్కసారిగా మానేస్తే యుద్ధాల గొడవే ఉండదు.

శ్రీలంక 2021లో రాత్రికి రాత్రి నిషేధించింది, అదే ఏడు వెనక్కి తగ్గింది, అయినా దిగుబడులు పడిపోయాయి. తగ్గించడం మెల్లగా జరగాలి. పచ్చిరొట్టగా జీలుగో పిల్లిపెసరో వేసి పూత దశలో కలియదున్నండి, ఎకరాకు అర బస్తా యూరియా తగ్గుతుంది. ఏళ్లుగా డీఏపీ పోసిన నేలలో పీఎస్‌బీ (భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా) వాడితే పేరుకున్న భాస్వరం కొంత కరిగి పైరుకు అందుతుంది. కోత అయ్యాక, దుక్కికి ముందు మట్టి పరీక్ష చేయించండి. భాస్వరం ఎక్కువని వస్తే డీఏపీ సగానికి తగ్గించొచ్చు.

యుద్ధం పేరు చెప్పి ఎవరైనా బస్తా మీద ముద్రించిన ధరకంటే ఎక్కువ అడిగితే రసీదు అడగండి. ఇవ్వనంటే అదే రోజు మండల వ్యవసాయ అధికారికి చెప్పండి.