పాలగ్లాసు విషానికి విరుగుడు కాదు: యుద్ధకాలపు ఫ్యాక్టరీల మీద అపోహలు, వాస్తవాలు

ఫ్యాక్టరీల్లో కార్మికుల ఆరోగ్యం మీద నెలకోసారి క్లాసు చెప్తాను. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. ప్రతి క్లాసులో మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫొటో ఒకటి చూపిస్తాను. బ్రిటన్‌లో ఫిరంగి గుండ్లలో టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం నింపిన ఆడవాళ్ల ఫొటో అది. నలుపు తెలుపు ఫొటో కాబట్టి వాళ్ల చేతులు, మొహాలు పసుపుపచ్చగా ఉండేవని, వాళ్లను పసుపు రంగు కానరీ పిట్టలతో పోల్చి ఆ పేరుతోనే పిలిచేవారని నేను నోటితో చెప్పాలి. చెప్పగానే వెనక వరసలోంచి ఎవరో ఒకరు అంటారు: "అప్పట్లో వాళ్లకు తెలీదు కదా మేడమ్. మాకైతే రోజూ పాలు ఇస్తున్నారు."

వాళ్లకూ పాలు ఇచ్చారు. ఈ మాట చెప్పినప్పుడల్లా క్లాసు నిశ్శబ్దమైపోతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: పాలు తాగితే, బెల్లం తింటే ఒంట్లోకి పోయిన కెమికల్ కొట్టుకుపోతుంది

కొట్టుకుపోదు. ఈ ఒక్క నమ్మకం వల్ల పోయినంత ఆరోగ్యం ఇంకే అపోహ వల్లా పోయి ఉండదని నా అనుభవం.

1915లో బ్రిటిష్ సైన్యానికి ఫిరంగి గుండ్ల కొరత వచ్చింది. ప్రభుత్వం మీద పెద్ద గొడవ జరిగి, లాయడ్ జార్జ్ మంత్రిగా ఆయుధ సామగ్రికి ప్రత్యేకంగా ఒక శాఖే పెట్టారు. మగవాళ్లు యుద్ధానికి పోయారు కాబట్టి ఆయుధ ఫ్యాక్టరీల్లోకి లక్షలాది ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో కొందరిది గుండ్లు నింపే పని. టీఎన్‌టీ పొడిని జల్లించడం, కరిగించడం, గుండులోకి పోయడం, కూరడం, అన్నీ దాదాపు చేత్తోనే. కొన్ని నెలలకే కొందరికి వాంతులు, నీరసం, ఆ తర్వాత కామెర్లు మొదలయ్యాయి. లివర్ దెబ్బతిని మనుషులు చనిపోయారు. 1916 జనవరి నుంచి దీన్ని డాక్టర్లు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చారు. ఆ ఏడాది 181 కేసులు, 52 మరణాలు. 1917లో 189 కేసులు, 44 మరణాలు. 1918లో మాత్రం 34 కేసులు, 10 మరణాలు.

ఈ అంకెల దగ్గర నేను కాసేపు ఆగుతాను. 1918లో గుండ్లు నింపడం ఆగలేదు, యుద్ధం నవంబరు దాకా నడిచింది. మరి కేసులు ఎందుకు పడిపోయాయి?

మొదట్లో అందరూ ఈ విషం ఊపిరితో, నోటితో లోపలికి పోతోందనుకున్నారు. అలా అనుకుంటే పాలు ఇవ్వడంలో ఒక లెక్క ఉంది. కడుపులో పడ్డదాన్ని పాలు అడ్డుకుంటాయని ఆశ. తీరా పరిశోధించి చూస్తే అసలు దారి చర్మం. చెమట పట్టిన అరచేతికి, ముంజేతికి, మెడకు అంటుకున్న పొడి నేరుగా చర్మంలోంచి రక్తంలోకి పోతోంది. పాలు పోయే దారి ఒకటి, విషం వచ్చే దారి ఇంకొకటి. రెండూ ఎక్కడా ఎదురుపడవు.

అది తెలిశాక పని పద్ధతే మార్చారు. పొడిని చేత్తో తాకే పని తగ్గించి యంత్రాలు పెట్టారు. గాలి పీల్చే ఫ్యాన్లు బిగించారు. పని బట్టలు వేరు, ఇంటి బట్టలు వేరు చేశారు. అన్నం ముందు, ఇంటికెళ్లే ముందు చేతులు, మొహం కడుక్కోవడం తప్పనిసరి చేశారు. రెండు వారాలు టీఎన్‌టీ దగ్గర చేస్తే తర్వాత రెండు వారాలు దానికి దూరంగా వేరే పని ఇచ్చారు. డాక్టరు క్రమం తప్పకుండా పరీక్ష చేసి, అనుమానం వచ్చినవాళ్లను వెంటనే ఆ పని నుంచి తప్పించాడు. మనుషుల్ని కాపాడినవి ఇవి.

నేను పాలకు వ్యతిరేకిని కాదు. ఖాళీ కడుపుతో షిఫ్టుకు వచ్చే కుర్రాళ్లకు పాలు మంచి ఆహారం, ఇస్తే తాగండి. కానీ పాలకు బడ్జెట్ ఉండి సబ్బుకు, తువ్వాలుకు, రెండో జత యూనిఫాంకు లేని చోట్లు నేను చాలా చూశాను. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, రంగుల తయారీకి ముడిసరుకు చేసే ఒక యూనిట్‌కు వారానికి రెండు రోజులు వెళ్లేదాన్ని. అక్కడ వాడేది కూడా టీఎన్‌టీ కుటుంబానికే చెందిన నైట్రో కెమికల్. ఒక సాయంత్రం ఒక కుర్రాడు తలనొప్పి అంటూ వచ్చాడు. పెదాలు చూస్తే అప్పుడే నేరేడు పళ్లు తిన్నట్టున్నాయి. ఆ నీలం చూడగానే నాకు గుండె ఝల్లుమంది. రక్తం ఆక్సిజన్ మోయలేకపోతోందని అర్థం. అతన్ని వెంటనే పెద్దాసుపత్రికి పంపించాం, కోలుకున్నాడు. బండి వచ్చేలోపు అతను నాకు చెప్పిన మాట ఇంకా గుర్తుంది. "నేను రెండు పూటలా పాలు తాగుతాను మేడమ్. ఇక్కడ ఒక గ్లాసు, ఇంట్లో ఒక గ్లాసు. గ్లౌజులు కూడా వేసుకుంటాను."

ఆ గ్లౌజులు తెప్పించుకుని లోపలి వైపు బయటికి తిప్పి చూశాను. బయట కంటే లోపలే ఎక్కువ పసుపు. మధ్యలో తీసి, మురికి చేత్తోనే మళ్లీ తొడుక్కునేవాడు. అంటే ఎనిమిది గంటలూ ఆ కెమికల్‌ను చేతికి కట్టుకుని కూర్చున్నట్టే. అందరి గ్లౌజులూ తిప్పి చూపించమంటే పదకొండు జతల్లో తొమ్మిది అలాగే ఉన్నాయి. మీ గ్లౌజుల్ని కూడా ఒక్కసారి తిప్పి చూడండి.

బెల్లం సంగతి ఇంకా తేలిక. దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి, బెల్లం పోయేది కడుపులోకి. గొంతు దిగాక రెండు గొట్టాలూ వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకు, రేడియోలకు అభ్రకం కావాల్సి వచ్చి, మన గూడూరు వైపు గనులకూ గిరాకీ పెరిగింది. రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌కు అప్పుడూ మందు లేదు, ఇప్పుడూ లేదు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం, తడి డ్రిల్లింగ్, సరైన మాస్కు, ఇవే దిక్కు. బెల్లం నమ్ముకుని మాస్కు పక్కన పెట్టినవాళ్లు నలభై ఏళ్లకే మెట్లెక్కలేక కూలబడటం చూశాను.

అపోహ: ఒళ్లు పచ్చబడితేనే ప్రమాదం, లేకపోతే ఏమీ లేనట్టే

కానరీ అమ్మాయిల చేతుల పసుపు చాలామట్టుకు రంగు మాత్రమే. గోరింటాకు అంటుకున్నట్టు టీఎన్‌టీ చర్మానికి అంటుకునేది. జుట్టు ముందుభాగం కూడా రాగిరంగుకు తిరిగేది. ఆ రంగు చూసి కొందరు అనవసరంగా భయపడ్డారు. అదే సమయంలో చేతులు మామూలుగా ఉన్నవాళ్లకు లోపల లివర్ పాడైంది. కొందరికైతే పని మానేసిన కొన్ని వారాల తర్వాత కామెర్లు బయటపడ్డాయి.

కాబట్టి చేతులు కాదు, కళ్లు చూసుకోండి. తెల్లగుడ్డు పచ్చబడిందా? మూత్రం ముదురు రంగులో వస్తోందా? ఆకలి చచ్చిపోయి, కడుపులో తిప్పుతోందా? అయితే డాక్టరు దగ్గరికి వెళ్లి, "నేను ఫలానా కెమికల్ దగ్గర పని చేస్తున్నాను" అని ముందే చెప్పండి. మీరు చెప్పకపోతే చాలామంది డాక్టర్లు అడగరు.

ఇక్కడ మనకు ఇంకో చిక్కు ఉంది. కామెర్లు అనగానే పసరు మందు. సెలవు పెట్టి ఊరికెళ్లి, పసరు తాగి, పథ్యం చేసి, వారం తర్వాత తిరిగొచ్చి మళ్లీ అదే మెషీన్ దగ్గర నిలబడతారు. ఆ భయం నాకు తెలుసు, పెద్దవాళ్ల మాట కాదనలేరనీ తెలుసు. వెళ్లేవాళ్లను తిట్టడం నాకిష్టం లేదు. కానీ రక్తపరీక్ష చేయించుకోకుండా వెళ్లకండి. విషం వల్ల వచ్చిన కామెర్లు 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో పేరుతో సహా ఉండేవి, దాని స్థానంలో వచ్చిన కోడ్‌లోనూ ఉన్నాయి. పనివల్ల వచ్చిన జబ్బని తేలితే అది పనిలో తగిలిన దెబ్బతో సమానం, కార్మికుల బీమా పథకమైన ఈఎస్ఐలో దానికి పరిహారం ఉంది. పసరు తాగి ఊరుకుంటే కాగితం మీద ఏమీ మిగలదు.

అపోహ: ఎక్కువ గంటలు చేస్తే ఎక్కువ సరుకు వస్తుంది

యుద్ధం మొదట్లో బ్రిటన్ కూడా ఇలాగే అనుకుంది. ఆదివారాలు రద్దు, వారానికి డెబ్భై గంటల పైమాట. 1915లో వేసిన ఆయుధ కార్మికుల ఆరోగ్య కమిటీ లెక్కలు తీసింది. ఫిరంగి గుండును పేల్చే అల్యూమినియం ఫ్యూజుల్ని లేత్ యంత్రం మీద చెక్కే ఆడవాళ్లు వారానికి సుమారు 66 గంటలు పని చేసేవారు. దాన్ని క్రమంగా సుమారు 46 గంటలకు దించాక వారం మొత్తం మీద తయారైన సరుకు తగ్గలేదు, సుమారు 9 శాతం పెరిగింది. యంత్రాలు అవే, మనుషులూ అలాంటివాళ్లే. అలసిన చెయ్యి నెమ్మదిస్తుంది, తప్పు చేస్తుంది, తప్పును మళ్లీ దిద్దుతుంది. ఓవర్‌టైం డబ్బుల అవసరం నాకు తెలియంది కాదు. వరసగా పన్నెండు గంటల షిఫ్టులు చేసేవాళ్లు, కనీసం ప్రమాదకరమైన పనిని షిఫ్టు చివర పెట్టుకోకండి.

అపోహ: పేలుడు జరిగిందంటే ఎవడో నిర్లక్ష్యంగా ఉన్నట్టే

ప్రతి ప్రమాదం తర్వాత వాట్సాప్‌లో ముందు తిరిగే పుకారు ఇదే. చనిపోయినవాళ్లు జవాబు చెప్పుకోలేరు కాబట్టి నింద వాళ్ల మీద వేయడం సులువు.

1917 జనవరి 19న లండన్ తూర్పున సిల్వర్‌టౌన్‌లో సుమారు 50 టన్నుల టీఎన్‌టీ పేలింది. 73 మంది పోయారు, వేల ఇళ్లు దెబ్బతిన్నాయి. అది మొదట కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ. చుట్టూ కార్మికుల ఇళ్లు. అక్కడ టీఎన్‌టీ శుద్ధి చేయడం ప్రమాదమని ఆ కంపెనీయే ముందు అభ్యంతరం చెప్పింది. ప్రభుత్వం వినలేదు. ఇందులో పనివాడి నిర్లక్ష్యం ఎక్కడుంది?

అంతకు నెలన్నర ముందు, 1916 డిసెంబరు 5 రాత్రి, లీడ్స్ దగ్గర బార్న్‌బోలో 35 మంది ఆడవాళ్లు ఒకే గదిలో చనిపోయారు. కొందరిని మెడలో వేసుకున్న గుర్తింపు బిళ్లల్ని బట్టే గుర్తుపట్టారు. ఇది చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు పూడుకుపోతుంది.

మిగతావి రెండు ముక్కల్లో. యుద్ధం వల్లే ఆడవాళ్లు మొదటిసారి పనికి వచ్చారన్నది నిజం కాదు, వాళ్లలో చాలామంది అంతకుముందే ఇళ్లలో పనికో, బట్టల మిల్లులకో వెళ్లేవాళ్లు. యుద్ధంతో కార్మికుడికి ఒరిగిందేమీ లేదనేదీ పూర్తిగా నిజం కాదు. ఈఎస్ఐకి మూలమైన అదార్కర్ నివేదిక 1944లో, అంటే రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే వచ్చింది. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్న కాలంలోనే వారానికి 54 గంటల పని 48కి దిగే చట్టసవరణ సిద్ధమై, 1946లో వచ్చింది.

ఈ మధ్య ఒక తల్లి ఫోన్ చేశారు. కొడుక్కి పేలుడు పదార్థాల యూనిట్‌లో ఉద్యోగం వచ్చిందట, పంపాలా వద్దా అని టెన్షన్. "మానేయమని చెప్పమంటారా అమ్మా?" అని అడిగారు. మానేయమని నేను చెప్పలేదు. చేరిన మొదటి వారంలోనే నాలుగు సంగతులు అడిగి తెలుసుకోమనండి అన్నాను. యూనిఫాం ఎవరు ఉతుకుతారు? స్నానానికి నీళ్లు, సబ్బు ఉన్నాయా? రక్తపరీక్ష ఎన్ని నెలలకోసారి చేస్తారు? ఆ రిపోర్టు కాపీ చేతికి ఇస్తారా? పాలు ఇస్తారా అన్నది ఆఖరున అడగమన్నాను.

యూనిఫాం ముందు అడగమనడానికి కారణం, నీలం పెదాలతో వచ్చాడని చెప్పానే, ఆ కుర్రాడి భార్య. అతను కోలుకున్నాక ఇద్దరూ కలిసి ఫ్యాక్టరీలోని మా ఆరోగ్య కేంద్రానికి వచ్చారు. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. అతను పని బట్టలు టిఫిన్ బాక్సు ఉన్న సంచిలోనే పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడని, తను వాటిని చంటిపిల్ల బట్టలతో పాటే నానబెట్టేదాన్నని చెప్పింది. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "నా చేతులు కూడా ఒకసారి చూస్తారా డాక్టరమ్మా?" అంది. అరచేతులు చాపింది. గోళ్ల చుట్టూ, వేళ్ల సందుల్లో సన్నటి పసుపు గీతలు. పసుపు కొట్టిన చేతులనుకున్నాను ముందు. "వంట పసుపు కాదండీ, ఎంత తోమినా పోవట్లేదు" అంది.

తల్లికి, పిల్లకు ఇద్దరికీ రక్తపరీక్ష రాశాను, బాగానే వచ్చాయి. ఆ యూనిట్‌లో బట్టలు అక్కడే ఉతికే ఏర్పాటు కావడానికి మాత్రం ఇంకో నాలుగు నెలలు పట్టింది.