కొత్త రాక్ ఆల్బమ్ రాగానే మొదలయ్యే గొడవలు: మాస్టరింగ్ గదిలోంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

శుక్రవారం అంటే మన దగ్గర కొత్త సినిమా. రాక్ వినేవాళ్లకూ అదే రోజు. ఒకప్పుడు కొత్త ఆల్బమ్ బ్రిటన్‌లో సోమవారం, అమెరికాలో మంగళవారం వచ్చేది. 2015 జూలై 10 నుంచి చాలా దేశాలకు శుక్రవారమే విడుదల రోజయింది. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే హైదరాబాద్‌లో వినడం మొదలవుతుంది. పొద్దున టిఫిన్ వేళకి గొడవ మంచి ఊపులో ఉంటుంది. సౌండ్ పాడు చేశారని ఒకరు, డెమోనే బాగుందని ఇంకొకరు, వినైల్ (గ్రామఫోన్ తరహా రికార్డు) వచ్చేదాకా ఆగమని మరొకరు.

నేను మాస్టరింగ్ ఇంజినీర్‌ని. వాద్యాలు, గొంతు అన్నీ కలిపి మిక్స్ అయిపోయిన పాట విడుదలకి వెళ్లే ముందు చివరగా ఆగేది నాలాంటి వాళ్ల దగ్గరే. ఈ చర్చలంటే నాకు చాలా ఇష్టం, వాటిల్లోనే పెరిగాను. కానీ తప్పు ఒక చోట జరిగితే తిట్లు ఇంకో చోట పడటం ప్రతి వారం చూస్తున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రెండు వెర్షన్లు పక్కపక్కన వింటే ఏది మంచిదో చెవే చెప్పేస్తుంది

చెప్పదు. సౌండ్ ఎక్కువున్న దాన్ని చెవి మంచిదంటుంది. సౌండ్ స్థాయి మారితే బేస్, ట్రెబుల్ మనకు వినపడే తీరే మారిపోతుందని 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మున్సన్ కొలిచి చూపించారు. సౌండ్ పెరిగితే బేస్ నిండుగా, ట్రెబుల్ మెరుపుగా తోస్తాయి. తేడా ఒకటి రెండు డెసిబెల్స్ (సౌండ్ కొలిచే యూనిట్) ఉన్నా చాలు. అంత చిన్న తేడాని మనం "సౌండ్ పెరిగింది" అనుకోం, "క్లారిటీ ఉంది" అనుకుంటాం.

ఒకసారి ఒక కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో ఒకే పాట రెండు వెర్షన్లు పట్టుకొచ్చాడు. ఒకటి పాత సీడీది, ఇంకోటి కొత్త రీమాస్టర్, అంటే పాత మిక్స్‌కే మళ్లీ మాస్టరింగ్ చేసింది. "అన్నా, కొత్తదాంట్లో గిటార్ ముందుకొచ్చింది, విను" అన్నాడు. విన్నాను, నాకూ అలాగే అనిపించింది. అప్పుడు కొత్తదాన్ని ఐదున్నర డెసిబెల్స్ తగ్గించి, రెండూ ఒకే స్థాయికి తెచ్చి, స్క్రీన్ ఆపేసి మౌస్ అతని చేతికిచ్చాను. ఏది ఏదో తెలియకుండా నాలుగైదుసార్లు మార్చి మార్చి విన్నాడు. స్నేర్ (డ్రమ్స్‌లో చురుగ్గా మోగే చిన్న డ్రమ్) దెబ్బ దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లి విన్నాడు. చివరికి పాత సీడీనే ఎంచుకున్నాడు. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఇది ఇంట్లోనూ చేసుకోవచ్చు. రెండు పాటల్లో ఒకే చోటు, మాటకి కోరస్ మొదటి లైను, తీసుకోండి. గొంతు రెండిట్లోనూ ఒకే ఎత్తులో వినపడేదాకా ఒకదాని వాల్యూమ్ తగ్గించండి. తర్వాతే పోల్చండి.

అపోహ: సౌండ్ నలిగిపోయిందంటే మాస్టరింగ్ చేసినవాడిదే తప్పు

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 2008 సెప్టెంబర్‌లో వచ్చిన, హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా ఆల్బమ్ 'డెత్ మ్యాగ్నెటిక్'. పాటలు బాగున్నాయని సంబరపడ్డవాళ్లే హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే చెవులు నొప్పెడుతున్నాయన్నారు. డ్రమ్స్ దెబ్బ పడ్డ ప్రతిచోటా చిటపటలు వినిపించాయి.

అలా ఎందుకవుతుందంటే, డిజిటల్‌లో సున్నా డెసిబెల్స్ అని ఒక పైకప్పు ఉంటుంది. దాన్ని దాటి ఏ శబ్దమూ పోలేదు. స్నేర్ మీద కర్ర పడ్డ క్షణం తరంగం ఒక్కసారిగా పైకి లేస్తుంది, అదీ కొన్ని మిల్లీసెకన్లే. పాట మొత్తాన్ని ఇంకా గట్టిగా వినిపించాలంటే ఆ శిఖరాలు అడ్డొస్తాయి. అందుకని లిమిటర్ అనే పరికరంతో వాటిని అణిచి, మిగతాదంతా పైకి లేపుతారు. కొంతవరకు ఫర్వాలేదు. హద్దు దాటితే శిఖరాలు నిజంగానే తెగిపోతాయి. స్క్రీన్ మీద దగ్గరికి జరిపి చూస్తే మొవ్వు నరికేసిన తాటిచెట్ల వరసలా కనిపిస్తుంది. తెగిన చోట పుట్టేదే ఆ చిటపట.

అదే సమయంలో ఆ పాటలు గిటార్ హీరో వీడియోగేమ్‌లోనూ వచ్చాయి. ఆటలో ఏ వాద్యానికి ఆ వాద్యం విడిగా ఉండాలి కాబట్టి, చివరి అణచివేత పడని ట్రాకులు అక్కడికి వెళ్లాయి. అభిమానులు ఆటలోంచి ఆ సౌండ్ రికార్డ్ చేసి, సీడీ పక్కన పెట్టి చూపించారు. తేడా చిన్నపిల్లలకి కూడా తెలిసేంత ఉంది. మళ్లీ మిక్స్ చేయమని వేలమంది సంతకాలు పెట్టారు. తిట్లు మాత్రం ఎక్కువగా మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సెన్‌కి తగిలాయి. తన దగ్గరికి వచ్చేసరికే మిక్సులు అలా నలిగి ఉన్నాయని ఆయన ఒక అభిమానికి రాసిన జవాబు తర్వాత బయటికొచ్చింది. బ్యాండ్ తరఫున డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ మాత్రం ఆ సౌండ్‌నే సమర్థించాడు.

మిక్స్‌లోనే తెగిన శిఖరాన్ని మాస్టరింగ్‌లో అతికించలేం. రిపేర్ చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ అవి పోయిన చోట ఏముండొచ్చో ఊహించి గీస్తాయి. నాకూ అలాంటి ఫైళ్లు వస్తుంటాయి. "లిమిటర్ తీసేసి మళ్లీ పంపండి" అని నేను అడిగే మొదటి మాట అదే.

2011 అక్టోబర్ 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు కాచిగూడలో రైలెక్కి వెళ్లిన గుంపులో నేనూ ఉన్నాను. కిక్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) గుండెల మీద తగలడం అంటే ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటేనే దెబ్బ తెలుస్తుంది. రికార్డులో నేను కాపాడాలనుకునేది ఆ ఖాళీనే.

అపోహ: రీమాస్టర్ వస్తే బేస్ వినపడుతుంది

మళ్లీ మెటాలికానే, ఈసారి 1988 నాటి '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్'. బేస్ గిటారిస్ట్ క్లిఫ్ బర్టన్ చనిపోయాక అతని స్థానంలో వచ్చిన జేసన్ న్యూస్టెడ్‌కి ఈ బ్యాండ్‌తో అది మొదటి పూర్తి స్థాయి ఆల్బమ్. అందులో అతని బేస్ గిటార్ దాదాపు వినపడదు. బేస్ తగ్గించమన్నది లార్సేనని మిక్స్ చేసినవాళ్లలో ఒకడైన స్టీవ్ థాంప్సన్ చాలా ఏళ్ల తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. 2018లో రీమాస్టర్ వస్తోందనగానే బేస్ తిరిగొస్తుందని ఎంతమంది ఆశపడ్డారో! రాలేదు.

రాదు కూడా. మిక్స్ అయ్యాక డ్రమ్స్, గిటార్లు, గొంతు అన్నీ కలిసి కుడి ఎడమ రెండు ట్రాకులైపోతాయి. రీమాస్టర్ చేసేవాడి చేతికొచ్చేది ఆ రెండే. పులుసులో కలిసిపోయిన చింతపండుని విడిగా తీయగలమా? లోతైన శబ్దాలు పెంచితే బేస్ గిటార్‌తో పాటు కిక్ డ్రమ్ పెరుగుతుంది, గిటార్‌లోని బరువూ పెరుగుతుంది. ఒక్క వాద్యాన్నే పెంచాలంటే ఒక్కో వాద్యం విడిగా ఉండే మల్టీట్రాక్ టేపుల దాకా వెనక్కి వెళ్లాలి. దాన్ని రీమిక్స్ అంటారు. అది వేరే పని, వేరే ఖర్చు, బ్యాండ్ ఒప్పుకోవాల్సిన విషయం. ఇప్పుడు ఏఐ టూల్స్‌తో అభిమానులే బేస్ విడదీసి పెంచుకుంటున్నారు. సరదాగా వినడానికి బాగానే ఉంటాయి, కానీ సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు తాళాలు) దగ్గర శ్రద్ధగా వినండి, నీళ్లలో మోగినట్టుంటుంది.

నిజంగా రీమిక్స్ చేస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే రష్ అనే బ్యాండ్ ఆల్బమ్ 'వేపర్ ట్రెయిల్స్' వినండి. 2002లో వచ్చినప్పుడు సౌండ్ బాగా నలిగి ఉంది. బ్యాండ్‌కే అది నచ్చలేదు. 2013లో డేవిడ్ బాట్రిల్ ఆల్బమ్ మొత్తం రీమిక్స్ చేశాడు. పాటలు అవే, వాయించిన తీరు అదే, కానీ డ్రమ్మర్ నీల్ పీర్ట్ డ్రమ్స్‌కి ఊపిరాడుతుంది. రెండూ ఒకే స్థాయికి తెచ్చి వినండి. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి మొదటి వారం ఇచ్చే పని ఇదే.

అపోహ: "కంప్రెస్ చేశారు, అందుకే పాడైంది"

ఈ ఒక్క మాట మీద సగం గొడవలు నడుస్తాయి. ఒకాయన మనసులో ఉన్నది ఎంపీ3, ఇంకొకాయన మనసులో ఉన్నది కంప్రెసర్. మొదటిది ఫైల్ సైజు తగ్గించడం. రెండోది పెద్ద శబ్దానికీ చిన్న శబ్దానికీ మధ్య దూరం తగ్గించడం. వీటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. రెండో రకం కంప్రెషన్ లేకుండా రాక్ అన్నదే లేదు. డిస్టార్షన్ పెట్టిన గిటార్ అంటేనే ఆంప్లిఫయర్ దగ్గరే శిఖరాలు నలిగిన శబ్దం, దాని అందం అందులోనే ఉంది. కాబట్టి డైనమిక్ రేంజ్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య ఆ దూరం) అంకె చిన్నదని మెటల్ ఆల్బమ్‌ని తీసిపారేయడం న్యాయం కాదు.

అపోహ: స్ట్రీమింగ్ వచ్చాక ఎక్కువ సౌండ్ కోసం పోటీపడే గోల తీరిపోయింది

సగం నిజం. స్పాటిఫైలో మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట చెవికి ఎంత గట్టిగా ఉందో కొలిచే యూనిట్) స్థాయికి తెస్తారు. అంతకంటే గట్టిగా, మైనస్ 7 దగ్గర తయారైన మెటల్ పాట ఏడు డెసిబెల్స్ కిందికి దిగుతుంది. అంటే గట్టిగా చేసినందుకు లాభం పోయింది, తెగిన శిఖరాలు మాత్రం తెగినట్టే ఉన్నాయి. ఇది తెలిసి కూడా బ్యాండ్లు గట్టిగా కావాలంటాయి, ఎందుకంటే నేను పంపిన ఫైల్‌ని వాళ్లు ముందు వాట్సాప్‌లోనో కారులోనో తమ పాత పాట పక్కన పెట్టి వింటారు. అక్కడ ఎవరూ స్థాయి సరిచేయరు.

స్ట్రీమింగ్‌లో సీడీకి మించిన నాణ్యత అంటూ చెప్పే హై రెజల్యూషన్ గురించి క్లుప్తంగా చెప్తాను. సీడీలో ఉండే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ ఫార్మాట్ దాదాపు 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దాన్ని, 96 డెసిబెల్స్ వ్యత్యాసాన్ని పట్టుకుంటుంది. మన చెవి హద్దు 20 కిలోహెర్ట్జ్, వయసుతో అదీ తగ్గుతుంది. 24 బిట్ మాకు రికార్డింగ్‌లో చాలా అవసరం. వినేటప్పుడు మాత్రం ఏ మాస్టర్ (మాస్టరింగ్ అయ్యాక తయారైన చివరి ఫైల్) అన్నదే ముఖ్యం. పైగా బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో చాలావరకు సిగ్నల్ దారిలోనే మళ్లీ కుదించబడుతుంది.

అపోహ: వినైల్ వెర్షన్‌లో డైనమిక్స్ ఎక్కువ, కొలిచి చూపిస్తాం

ఈ కొలత దగ్గర కొంచెం ఆగాలి. సీడీకి 5 అని చూపించిన డైనమిక్ రేంజ్ మీటర్, అదే ఆల్బమ్ వినైల్‌ని రికార్డ్ చేసి పెడితే 9, 10 అని చూపించొచ్చు. ఆ స్క్రీన్‌షాట్ చూసి వినైల్‌కి వేరే మాస్టర్ చేశారని తీర్మానిస్తారు. కానీ నలిగిన ఫైల్‌నే రికార్డు మీద కోసి, మళ్లీ వెనక్కి రికార్డ్ చేసినా అంకె పెరుగుతుంది. కోసేటప్పుడు, వినేటప్పుడు సిగ్నల్ ఎన్నో ఫిల్టర్ల గుండా వెళ్తుంది. అక్కడ వేర్వేరు ఫ్రీక్వెన్సీల తరంగాలు ఒకదానికొకటి కాస్త అటూ ఇటూ జరుగుతాయి. దాంతో చదునుగా ఉన్న చోట కొత్త మొనలు లేస్తాయి. చూపుకి శిఖరాలే, కానీ పోయిన స్నేర్ దెబ్బ వాటిలో ఉండదు. మీటర్ మొనకీ సగటుకీ మధ్య దూరం కొలుస్తుందే తప్ప ఆ మొన ఎక్కడిదని అడగదు.

వినైల్‌కి నిజంగా విడి మాస్టర్ చేసే సందర్భాలూ ఉన్నాయి. నేనూ చేస్తాను. బేస్‌ని మధ్యకి తెస్తాను, "స" శబ్దాలు మెత్తబరుస్తాను, ఒక్కో వైపు 20 నిమిషాలకి అటూ ఇటూగా ఉండేలా చూడమంటాను, గట్టి పాటని చివర పెట్టొద్దంటాను, ఎందుకంటే మధ్యకి వెళ్లేకొద్దీ గాడిలో ట్రెబుల్ చెదురుతుంది. కానీ ఈ రోజు వచ్చే రాక్ రికార్డుల్లో ఎక్కువ భాగం డిజిటల్ ఫైల్ నుంచే కోస్తారు. 2022లో మొబైల్ ఫిడెలిటీ సంస్థ తన ఖరీదైన రికార్డులు చాలావాటి తయారీలో డిజిటల్ దశ ఉందని ఒప్పుకుంది. అవి పూర్తి అనలాగ్ అనుకుని, ఆ వెచ్చదనాన్ని ఏళ్ల తరబడి పొగిడినవాళ్లు చాలా బాధపడ్డారు. వాళ్ల కోపం సరైనదే, విషయం ముందే చెప్పాల్సింది. కానీ ఆ రికార్డులు బాగున్నాయని విన్న చెవులదీ తప్పు కాదు.

అపోహ: అభిమానులు ఎంత అరిచినా స్టూడియోలో ఎవరూ వినరు

వింటాం. 2008 నాటి 'డెత్ మ్యాగ్నెటిక్' గొడవ తర్వాత, మామూలుగా పాటలు వినేవాళ్లలో కూడా కొంతమందికి లిమిటర్ అనే మాట తెలిసింది. గత నెల ఒక కుర్రాళ్ల బ్యాండ్‌కి నాలుగు పాటలు చేసి పంపాను. వాళ్లు ఎప్పటిలాగే గట్టిగా కావాలన్నారు కదా అని గట్టిగానే చేశాను. మర్నాడు డ్రమ్మర్ ఫోన్ చేశాడు. "అన్నా, రెండో పాటలో బ్రేక్ తర్వాత స్నేర్ మొదటి దెబ్బ పడట్లేదు. మొత్తం సౌండ్ తగ్గినా పర్లేదు, ఆ దెబ్బ కావాలి." ప్రాజెక్ట్ మళ్లీ తెరిచి ఆ చోటు విన్నాను. లిమిటర్ దాన్ని దాదాపు నాలుగు డెసిబెల్స్ నొక్కేస్తోంది. పాటని రెండున్నర తగ్గించి, కొత్త ఫైల్ ఆ రాత్రే పంపించాను.