కొత్త దేశంలో సెటిల్ అవ్వడం: అపోహలు - వాస్తవాలు

దేశం మారి కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి కొన్ని నెలలు దారి చూపించడమే నా ఉద్యోగం. అద్దె ఇల్లు, బ్యాంకు, లైసెన్సు, పిల్లల స్కూలు, రోజూ ఇవే. బయల్దేరే ముందు అందరి భయం భాష గురించే, తీరా వచ్చాక ఏడిపించేది మాత్రం కాగితాలు. ఇన్నేళ్ళు మీరెలా బతికారో ఇక్కడెవరికీ తెలీదు కదా, ప్రతిదానికీ రుజువు చూపించాల్సిందే.

అపోహ: వీసా వచ్చింది, ఉద్యోగం ఉంది, మిగతావి వెళ్ళాక చూసుకోవచ్చు.

చాలా దేశాల్లో బ్యాంకు అకౌంట్ కావాలంటే అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు, ఇల్లు ఇవ్వాలంటే ఓనరు పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతాడు, జీతం పడాలంటేనేమో అకౌంట్ ఉండాలి. ఎటు తిరిగినా మళ్ళీ మొదటికే. ఈ ముడి ఎక్కువగా విడేది కంపెనీ లెటర్‌తోనే. జీతం, జాయినింగ్ డేట్, తాత్కాలికంగా ఉండబోయే అడ్రస్, ఈ మూడూ ఒకే లెటర్‌లో ఉండేలా హెచ్‌ఆర్ వాళ్ళని ముందే అడిగి తీసుకోండి. అద్దె టైముకి కట్టారని పాత ఓనరు దగ్గర, క్లెయిములు లేవని బండి ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర కూడా రాయించుకోండి. మీ క్రెడిట్ స్కోర్ ఎంత బాగున్నా మామూలుగా సరిహద్దు దాటి రాదు, అప్పుడు పనికొచ్చేవి ఇలాంటి లెటర్లే.

ఇల్లు దొరకట్లేదన్న కంగారులో చూడకుండానే అడ్వాన్స్ పంపేస్తుంటారు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. "నేను ఊళ్ళో లేను, డబ్బు వేస్తే తాళాలు కొరియర్ చేస్తా" అన్నాడంటే అది మోసమే అనుకోండి.

అపోహ: సర్టిఫికెట్లకి అపోస్టిల్ చేయించాం, ఇక డిగ్రీ చెల్లుతుంది.

అపోస్టిల్ అనేది 1961 నాటి హేగ్ ఒప్పందం కింద వేసే ముద్ర. ఆ కాగితం మీద సంతకం, సీలు నిజమైనవే అని మాత్రమే చెప్తుంది, మీ చదువు ఇక్కడి చదువుకి సమానమని చెప్పదు. డాక్టర్లు, నర్సులు, లాయర్ల లాంటివాళ్ళకి ఆ దేశపు లైసెన్సింగ్ బోర్డు ప్రాసెస్ వేరే ఉంటుంది. పైగా ఆ ముద్ర వేయాల్సింది సర్టిఫికెట్ ఇచ్చిన దేశమే, అందుకే వచ్చేశాక చేయించాలంటే చాలా తిప్పలు. ముద్రల కన్నా ముందు పేరు చూసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీలో ఒక్క అక్షరం, పెళ్ళి సర్టిఫికెట్‌లో స్పెల్లింగ్ ఇంకోలా, ఇలాంటి ఫైళ్ళు నా టేబుల్ మీదకి వస్తూనే ఉంటాయి. మనకి అది ఒకే మనిషి, కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళకి ముగ్గురు.

అపోహ: ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే బండి నడపొచ్చు.

అది మీ లైసెన్సుకి తర్జుమా మాత్రమే, ఒరిజినల్ పక్కన లేకపోతే చెల్లదు. రోడ్డు ట్రాఫిక్ మీద దేశాల మధ్య కుదిరిన 1949 ఒప్పందం ప్రకారం ఇచ్చిన పర్మిట్ ఏడాది చెల్లుతుంది, 1968 ఒప్పందం ప్రకారం ఇచ్చింది గరిష్ఠంగా మూడేళ్ళు. కానీ స్థిరంగా ఉండటానికి వచ్చినవాళ్ళు ఇంత గడువులోపు లోకల్ లైసెన్స్ తీసుకోవాలని చాలా దేశాల్లో రూల్ ఉంటుంది, ఆ గడువు ముందే కనుక్కోండి.

అపోహ: పిల్లలదేముంది, నాలుగు నెలల్లో భాష పట్టేస్తారు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఆటల్లో మాట్లాడే భాష త్వరగానే వస్తుంది, చదువు భాష రాదు. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చెప్పింది కూడా అదే, మామూలు మాటలకి సుమారు రెండేళ్ళు, క్లాసు భాషలో తోటివాళ్ళని అందుకోవడానికి అయిదు నుంచి ఏడేళ్ళు. కూడికలు, గుణకారాలు చకచకా చేసే పిల్లాడు అదే లెక్కని కథలా ఇస్తే పెన్సిల్ పట్టుకుని అలా చూస్తూ ఉండిపోతాడు, టీచరేమో లెక్కల్లో వీక్ అనుకుంటారు. స్కూల్లో లాంగ్వేజ్ సపోర్ట్ ఉందా అని మీరే అడగండి. ఇంట్లో మీ భాష మాత్రం ఆపకండి, అందులో చదవడం బాగా వచ్చిన పిల్లలకి రెండోదాంట్లో కూడా అది సాయం చేస్తుంది.

పిల్లలకి భాష వచ్చింది కదా అని హాస్పిటల్‌కి తీసుకెళ్ళి వాళ్ళతోనే మాట్లాడించొద్దు. అమ్మ రిపోర్టులో ఏముందో డాక్టర్ నోటి నుంచి విని అమ్మకి చెప్పాల్సిన పని పదేళ్ళ పిల్లకి పెట్టకూడదు. చాలా చోట్ల హాస్పిటల్ వాళ్ళే ఇంటర్‌ప్రెటర్‌ని ఇస్తారు, కాకపోతే ముందే బుక్ చేయాలి కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి.