తాత ఉన్న వీధి, మనవడి ఫ్లాటు

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం ఉత్తర, ఈశాన్య పేటల్లో తక్కువ అద్దె ఇంటికి దరఖాస్తు పెట్టుకునేవాళ్ళని ఒక వింత ప్రశ్న అడుగుతారు. మీరు గానీ, మీ అమ్మానాన్నలు గానీ, తాతలు గానీ ఒకప్పుడు ఈ పేటల్లో ఉండేవారా? అవునంటే వరసలో ముందుకు జరుగుతారు. మీవాళ్ళ ఆస్తిని అప్పట్లో ప్రభుత్వం భూసేకరణ కింద తీసుకుని ఉంటే అందరికన్నా ముందు. 2015 ప్రాంతంలో మొదలైంది ఈ పద్ధతి. తాత ఉన్న వీధికీ మనవడి ఫ్లాటుకీ సంబంధం ఏమిటో తెలియాలంటే, ఇప్పుడు లేని ఒక ఊరి గురించి తెలియాలి. ఆ ఊరి పేరు వాన్‌పోర్ట్.

పోర్ట్‌లాండ్ అంటే మనవాళ్ళలో చాలామందికి హిల్స్‌బరో, బీవర్టన్ శివార్లు, ఇంటెల్ ఉద్యోగాలు. సియాటిల్ వెళ్తూ ఐ-5 హైవే మీద కొలంబియా నది వంతెన ఎక్కబోయే ముందు ఎడమ పక్క ఒక గోల్ఫ్ మైదానం, కార్ల రేస్ ట్రాక్ ఉంటాయి. ఆ ఊరు ఉన్నది అక్కడే.

ముందు ఒరెగాన్ రాష్ట్రం సంగతి. నల్లవాళ్ళు కొత్తగా వచ్చి ఇక్కడ ఉండకూడదు, ఆస్తి కొనకూడదు అని 1857లో రాసుకున్న రాజ్యాంగంలోనే పెట్టుకున్నారు. దాన్ని కొట్టేసింది 1926లో. ఈలోగా 1919లో పోర్ట్‌లాండ్ రియల్ ఎస్టేట్ ఏజెంట్ల సంఘం ఇంకో నియమం చేసుకుంది: తెల్లవాళ్ళ పేటలో నల్లవాళ్ళకి గానీ ఆసియావాళ్ళకి గానీ ఇల్లు అమ్మితే వృత్తి నీతి తప్పినట్టే. నీతి అనే మాటకి పట్టిన గతి అది! 1940 నాటికి ఊళ్ళో నల్లవాళ్ళు సుమారు 2,000 మంది. ఎక్కువమంది విల్లమెట్ నదికి తూర్పున అల్బైనా అనే పేటలోనే సర్దుకున్నారు.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. హెన్రీ కైజర్ అనే పారిశ్రామికవేత్త పోర్ట్‌లాండ్‌లోనూ, నదికి అవతలి ఒడ్డున వాంకూవర్‌లోనూ (కెనడాది కాదు, వాషింగ్టన్ రాష్ట్రంలోది) ఓడలు కట్టే యార్డులు తెరిచాడు. 1942 సెప్టెంబరులో జోసెఫ్ ఎన్. టీల్ అనే సరుకు ఓడని 10 రోజుల్లో కట్టి నీళ్ళలోకి దించితే, చూడటానికి అధ్యక్షుడు రూజ్వెల్టే వచ్చాడు. పనివాళ్ళు చాలక న్యూయార్క్ నుంచి ప్రత్యేక రైళ్ళు వేయించి మరీ రప్పించారు. దక్షిణాది నుంచి నల్లవాళ్ళు వేలల్లో వచ్చారు. వచ్చినవాళ్ళు ఎక్కడుండాలి? నగర గృహ సంస్థ పుట్టిందే 1941 డిసెంబరులో, పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి అయిన వెంటనే. ప్రభుత్వ ఇళ్ళు కడితే అద్దెలు పడిపోతాయని, ఎవరెవరో వచ్చి శాశ్వతంగా ఉండిపోతారని ఊరి పెద్దలకి బెంగ. కైజర్ ఆగలేదు. నగరాన్ని పక్కన పెట్టి, రాజధాని వాషింగ్టన్‌లోని నౌకా కమిషన్‌తో నేరుగా ఒప్పందం చేసుకుని, నగర సరిహద్దుకి అవతల 650 ఎకరాలు తీసుకున్నాడు.

అది నది పొంగితే మునిగే నేల. మన గోదావరి లంకల్లాంటిదే అనుకోండి. చుట్టూ కట్టలున్నాయి కాబట్టి ఫరవాలేదన్నారు. అయితే పడమటి వైపుది అసలు కరకట్టే కాదు. రైలు పట్టాల కోసం మట్టి పోసి ఎత్తు చేసిన గట్టు. నీటిని ఆపడానికని ఎవరూ దాన్ని కట్టలేదు.

1942 డిసెంబరులో మొదటి కుటుంబాలు దిగాయి. ఏడాది తిరక్కుండా దాదాపు 10,000 వాటాలు లేచాయి. జనాభా 40,000 దాటింది. ఒరెగాన్‌లో రెండో పెద్ద ఊరు, దేశం మొత్తం మీద యుద్ధకాలపు గృహ కాలనీల్లో అతి పెద్దది అదే. వాంకూవర్‌లో సగం, పోర్ట్‌లాండ్‌లో సగం తీసుకుని పేరు పెట్టారు. ఒక్కో రెండంతస్తుల బిల్డింగులో 14 వాటాలు, పల్చటి గోడలు. పునాదులు కూడా కర్రవే, ఎలాగూ యుద్ధం అవగానే పీకేసేవే కదా అని. ఈ 'ఎలాగూ తాత్కాలికమే' అన్న మాటే తర్వాత జరిగిన వాటిలో సగానికి కారణం అని నా అభిప్రాయం.

అలా అని ఊరంతా కష్టాలే కాదు. యార్డుల్లో రాత్రి షిఫ్టు చేసే తల్లుల కోసం 24 గంటలూ నడిచే పిల్లల సంరక్షణ కేంద్రాలుండేవి. ఇన్నేళ్ళ తర్వాత కూడా అమెరికాలో ఆ సదుపాయం దొరకడం గగనం. బడిలో తెల్ల, నల్ల పిల్లలు కలిసే చదువుకున్నారు. నల్లవాళ్ళకి అక్కడ టీచరు ఉద్యోగాలు ఇచ్చారు, పోర్ట్‌లాండ్ బడుల్లో అప్పటికి అది లేదు. ఇళ్ళ దగ్గర మాత్రం కథ వేరు. కేటాయించేటప్పుడు నల్ల కుటుంబాలని కొన్ని వీధులకే పంపేవారు.

1945లో యుద్ధం ముగిసింది, యార్డుల్లో పని తగ్గింది. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళిపోయారు. బయట ఇల్లు అద్దెకి దొరకని నల్లవాళ్ళు మిగిలారు. యుద్ధకాలంలో ప్రభుత్వం పెట్టిన నిర్బంధ శిబిరాల నుంచి తిరిగొచ్చిన జపనీస్ అమెరికన్లు కొందరు వచ్చి చేరారు. 1942 వేసవిలో వాళ్ళని శిబిరాలకి పంపే ముందు ఉంచింది ఈ ఊరి పక్కనే ఉన్న పశువుల ప్రదర్శన శాలలో. మూడో గుంపు, సైన్యం నుంచి వచ్చిన కుర్రాళ్ళు. 1944 నాటి జీఐ బిల్లు వాళ్ళకి చదువు ఖర్చు ఇస్తోంది, కానీ పెళ్ళాం పిల్లలతో ఉండటానికి ఇల్లు కావాలి. వాన్‌పోర్ట్‌లో ఖాళీ ఇళ్ళు బోలెడు. స్టీఫెన్ ఎప్లర్ అనే ఆయనకి అక్కడే కాలేజీ పెడితే సరిపోతుందనిపించింది. 1946 వేసవిలో 221 మందితో మొదలుపెడితే, ఆ ఏడాదే వెయ్యి దాటారు.

1948 మే నెలలో కొలంబియా పొంగింది. మే 30 ఆదివారం పొద్దున్నే గృహ సంస్థ ఇంటింటికీ ఒక కాగితం పంచింది. 'గుర్తుంచుకోండి. ప్రస్తుతానికి కట్టలు భద్రంగా ఉన్నాయి. అవసరమైతే హెచ్చరిస్తాం. వెళ్ళడానికి మీకు టైమ్ ఉంటుంది. కంగారు పడకండి.' ఆ సంస్థ తన ఫైళ్ళని మాత్రం ముందే వేరేచోటికి తరలించుకుంది. సాయంత్రం నాలుగు దాటాక రైలు గట్టుకి గండి పడింది. ఊరి మధ్యనున్న మడుగులు కొంత నీటిని మింగడం వల్ల అరగంట పైగా వ్యవధి దొరికింది. కాలేజీ విద్యార్థులు ఇల్లిల్లూ తిరిగి జనాన్ని బయటికి పంపారు. పునాదులు నిలవక ఇళ్ళు తేలిపోయాయి. అప్పటికి ఊళ్ళో ఉన్నది సుమారు 18,500 మంది, మూడోవంతు నల్లవాళ్ళు. 15 మంది చనిపోయారు. పండగ సెలవుల ఆదివారం కాకుండా ఏ అర్ధరాత్రో అయ్యుంటే లెక్క వేరేగా ఉండేది. నష్టపరిహారం కోసం ప్రభుత్వం మీద వేసిన కేసులో బాధితులు ఓడిపోయారు.

కాలేజీ బతికింది. ముందు ఒక హైస్కూల్లో, తర్వాత పాత ఓడల యార్డులో, 1952లో నగరం నడిబొడ్డున. ఇప్పుడు మన పిల్లలు కూడా ఎమ్మెస్‌కి వెళ్ళే పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ అదే. ఊరు మాత్రం మళ్ళీ కట్టలేదు. నిర్వాసితులు కొంతకాలం బ్యారక్‌లు, ట్రైలర్లలో గడిపారు. 1950లో కొత్త ప్రభుత్వ ఇళ్ళు కట్టాలా అని ఓటు పెడితే నగరం వద్దంది.

నల్ల కుటుంబాలకి మిగిలింది అల్బైనా. 1960 నాటికి పోర్ట్‌లాండ్ నల్లవాళ్ళలో ఐదుగురికి నలుగురు ఆ పేటలోనే. అప్పటికే అక్కడ కూలగొట్టడం మొదలైంది. మెమోరియల్ కొలీజియం స్టేడియం కోసం 400 పైచిలుకు ఇళ్ళు పోయాయి, తర్వాత ఐ-5 వచ్చింది. 1970ల మొదట్లో ఇమాన్యుయెల్ ఆస్పత్రి విస్తరణకని దాదాపు 300 ఇళ్ళు, దుకాణాలు పడగొట్టారు. ఇంతలో కేంద్రం నిధులు ఆగిపోయాయి. ఆ స్థలంలో చాలా భాగం దశాబ్దాల పాటు గడ్డి మొలిచి పడుంది.

ఆ ఆస్పత్రి కోసం ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళూ వారసులూ కలిసి 26 మంది 2022లో ఫెడరల్ కోర్టుకెళ్ళారు. నగరంతో 20 లక్షల డాలర్లకి రాజీ అనుకున్నారు. 2025 జూన్‌లో ఆ కాగితం నగర కౌన్సిల్ ముందుకి వచ్చినప్పుడు, బాధితుల మాటలు విన్నాక సభ్యులే ఆ మొత్తాన్ని 85 లక్షలకి పెంచారు.