కిటికీ గూట్లో పది రూపాయల బిళ్ళ

పిల్లలూ, మీ అందరికీ అవ్వ వందనాలు.

పోయిన ఆదివారం గురించి రాస్తున్నా. తిట్టడానికి కాదు. తిట్టేదే ఉంటే ముందు నన్ను నేను తిట్టుకోవాలి, అదీ చెప్తా. ఆరాధన అయిపోయి మీరంతా బయటికి పరుగెత్తాక, జంఖానాలు మడత పెట్టిద్దామని నేను లోపలే నిలబడ్డా. వెనక కిటికీ గూట్లో ఒక పది రూపాయల బిళ్ళ కనిపించింది, నోటుపుస్తకం కాగితంలో చుట్టి ఉంది. ఎవరిదబ్బా అని కాసేపు ఆలోచిస్తే తట్టింది. ఆ కొత్త పిల్లోడిది. వాడు చెప్పులు విడిచే చోట నిలబడ్డాడు కదా, కానుక సంచి జంఖానా అంచుదాకా పోయి అక్కడినుంచే వెనక్కి వచ్చేసింది. కానుకకని ఇచ్చిన డబ్బు తిరిగి ఇంటికి పట్టుకుపోతే తప్పనుకున్నాడో ఏమో, గూట్లో పెట్టి, ఆఖరి ప్రార్థన కాకముందే వెళ్ళిపోయాడు.

వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటిపనికి పోయింది. మన కడప వైపు ఇది కొత్త సంగతేమీ కాదు, మీ బంధువుల్లో కూడా ఎవరో ఒకరు పోయే ఉంటారు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి చర్చిల్లో ఆరాధన కూడా శుక్రవారమే పెట్టుకుంటారు. ఆమెకు ఇల్లు దాటి బయటికి పోవడానికి వీలు దొరికేది ఎప్పుడో గానీ కాదు, అందుకని కొడుక్కి ఫోన్ చేసి నువ్వైనా ఆదివారం చర్చికి పో నాయనా అని చెప్పిందంట. ఇదంతా వాళ్ళ జేజి నాకు తర్వాత చెప్పింది. అంటే వాడు ఆ రోజు ఒక్కడే రాలేదు, వాళ్ళమ్మ వంతు కూడా తనే వచ్చాడు. వాడు కూర్చోవడానికి మనం పక్కకు జరగలేదు. మీలో ఒకరు వాణ్ణి "కువైటోడు" అన్నారు, ఇద్దరు నవ్వారు.

నేను చూశా. మూడో వరుసలో కుర్చీలో కూర్చుని అంతా చూశా. టీచర్ చూసుకుంటుందిలే అనుకున్నా, మోకాళ్ళ నొప్పి ఒకటి సాకు దొరికింది. లేచి ఆరడుగులు వేసుంటే సరిపోయేది.

మీకు బైబిల్లో రూతు కథ తెలుసు, మొగుడు చనిపోయాక మోయాబు అనే పక్క దేశంనుంచి అత్త వెంట బేత్లెహేముకు వచ్చి పొలంలో పరిగె ఏరుకున్న ఆమె కథ, పోయిన ఏడాది నాటిక కూడా వేశారు. కానీ ఒక ముక్క మీ టీచర్లు ఎప్పుడూ తొందరగా దాటేస్తారు. ఆ పొలం ఆసామి బోయజు అక్కడికి వచ్చి, కోతవాళ్ళ మీద ఉన్న మనిషిని, ఈ చిన్నది ఎవరిది అని అడుగుతాడు. అతను ఏం చెప్పాడో రెండో అధ్యాయంలో చూడండి. మోయాబు దేశంనుంచి వచ్చిన మోయాబీయురాలు అంటాడు. ఒక్క మాటలో రెండుసార్లు మోయాబు! ఊరు మారినా, అత్తకోసం అన్నీ వదిలేసి వచ్చినా, ఆమె పేరు చెప్పకుండా ఆమె దేశం పేరే చెప్పారు. మన "కువైటోడు"కి దీనికి ఏం తేడా ఉందో నాకైతే కనిపించలేదు. పైగా మోయాబీయులు పది తరాలదాకా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండంలో రాసి ఉంది, కాబట్టి ఆ మనిషి రూల్ తెలిసే మాట్లాడాడు అనుకోండి. అది విన్న బోయజు ఆమె వైపు తిరిగి పిలిచిన మొదటి పిలుపు, "నా కుమారీ".

ఆ తర్వాతది ఇంకా బాగుంటుంది. అన్నం వేళయింది. నువ్వూ ఇక్కడికి రా, నీ ముక్క చిరకలో, అంటే పులిసిన ద్రాక్షరసంలో, ముంచుకుని తిను అన్నాడు. ఆమె కోతవాళ్ళ పక్కన కూర్చుంది. బోయజు తన చేత్తో పేలాలు అందించాడు. మన తెలుగు బైబిల్లో ఆ మాటే ఉంది, పేలాలు. చిన్నప్పుడు ఆ మాట చదివినప్పుడల్లా బేత్లెహేము ఎక్కడో కాదు, పెన్నకు అవతలి గట్టున ఉన్నట్టు అనిపించేది నాకు. పొలంలో మిగిలిన పరిగె పేదవాళ్ళు, పరదేశులు ఏరుకోవచ్చు, వాళ్ళకోసం చేను ఓరలు కోయకుండా వదలాలి అనేది ధర్మశాస్త్రం. మన దగ్గర కూడా చెనక్కాయలు పెరికాక భూమిలో ఉండిపోయిన కాయలు ఏరుకుంటారు కదా, చిన్న పార పట్టుకుని, ఎండలో, గట్టినేల గీరుకుంటా. ఏరుకోనివ్వడం రూలు. రూలు అక్కడికి అయిపోయింది. పనలనుంచి కొన్ని వెన్నులు కావాలనే లాగి పడేయండి, ఆమెను ఏమీ అనొద్దు, సిగ్గుపరచొద్దు అని పనివాళ్ళకు చెప్పడం ఏ రూల్లో లేదు, అది బోయజు మనసులోంచి వచ్చింది. ఆ పిల్లోడు మన చర్చిలోకి రాకుండా ఎవరూ ఆపలేదు, నిజమే. ఏరుకోనిచ్చాం. పేలాలు అందివ్వలేదు.

మీరు బాగా చదువుకునే పిల్లలు కాబట్టి ఒక మాట సంగతి చెప్తా. సువార్తల్లో యేసు జనాన్ని చూసి కనికరపడ్డాడు అని చదువుతాం. కనికరం అంటే మనకు ఏదో మెత్తటి మాటలాగ, పైనుంచి కిందికి చూసే మాటలాగ ఉంటుంది. గ్రీకులో అక్కడ వాడిన మాట పేగులనే అర్థం ఉన్న మాటనుంచి పుట్టింది. లోపల పేగులు కదిలిపోయాయి అని. పాత నిబంధనలో హెబ్రీ మాట ఇంకోటుంది, అది గర్భం అనే మాటకు చుట్టం. ఇదంతా మా పాస్టరు అయ్యగారు ఒకసారి బైబిల్ స్టడీలో చెప్తా ఉంటే, వెనక కూర్చున్న ఒక పెద్దామె, చదువు రానామె, "అంటే కడుపు తరుక్కపోవడమే గదయ్యా" అనింది. అయ్యగారు ఒక క్షణం ఆగి, పుస్తకం మూసేసి, అంతేనమ్మా అన్నాడు. కన్నపేగు, పేగుబంధం, కడుపుకోత అని మన అమ్మలు ఊరికే అనలేదు, వాళ్ళకు గ్రీకు నేర్పించే పనే లేదు. నాయీను ఊళ్ళో విధవరాలి ఒక్కగానొక్క కొడుకు శవాన్ని మోసుకొస్తుంటే యేసుకు అయ్యింది ఇదే. దారిలో దెబ్బలు తిని పడున్నవాణ్ణి చూసి సమరయుడికి అయ్యింది కూడా ఇదే, ఆ మాటే.

మరి అది పుట్టకపోతే ఏం చేయాలవ్వా అని అడుగుతారు మీరు, మీలో ఒకమ్మాయి ఖచ్చితంగా అడుగుతుంది, ఎవరో నాకు తెలుసు. పుట్టేదాకా కూర్చోవద్దు. జరగండి. పక్కన కూర్చున్నవాడి కడుపులో ఆకలి మనకు తెలిసేది పక్కన కూర్చున్నాకే.

ఇది నాకు ఆదోనిలో తెలిసింది. 1978లో టీచరు ఉద్యోగం వచ్చి మొదట ఆ వైపే వేశారు. ఊరంతా పత్తి. లారీలు పోతా ఉంటే రోడ్డు మీద దూది ఎగురుతా ఉండేది. నాకు ఎవరూ తెలియదు. అద్దె గది, కిరోసిన్ స్టవ్వు, సాయంత్రమైతే ఏడుపు. ఆదివారం ఒక చర్చికి పోయా. వందనాలమ్మా అన్నారు, వందనాలు అన్నా. మూడు వారాలు అదే. పదిమంది వందనాలు చెప్పారు, చెప్పి నడుస్తానే పోయారు, ఒక్కరు ఆగలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, నేను ఎవరి చుట్టమో అనుకున్నారంతే! నాలుగో వారం ఒక ముసలామె నా ముందు నిలబడి, "ఏం తిన్నావు మ్మీ పొద్దున?" అనింది. నేనేం తినలేదు. ఏదో చెప్పబోతే నా ముఖం చూసి ఇంక అడగలేదు, చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి తీసుకుపోయి ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. బొరుగులు నీళ్ళలో తడిపి పిండుతా, తన కోడలి మీద చాడీలు చెప్తా ఉండింది. నేను నవ్వా. ఆదోనిలో అడుగు పెట్టాక అదే మొదటిసారి నవ్వడం. ఆమె నాకు వాక్యం ఒక్కటి కూడా చెప్పలేదు, చెప్పుంటే ఆ పూట నాకు ఎక్కేది కూడా కాదు.

ఇంకో సంగతి, ఇది మీ అమ్మానాన్నలు మీకు చెప్పి ఉండరు. మా చిన్నప్పుడు మన చర్చిలో రెండు పక్కలు ఉండేవి. ఆ పేటవాళ్ళు ఆ పక్క, ఈ పేటవాళ్ళు ఈ పక్క. ఊళ్ళో పెద్దకులాలవాళ్ళు మనల్నందరినీ ఒకటే గాటన కట్టి బావి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు, మనం లోపలికి వచ్చి మళ్ళీ మనలో మనం రెండు చాపలు పరుచుకున్నాం. కొన్ని మిషన్ల చర్చిలు కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., అయ్యాయి. బయటి దేశాలనుంచి వచ్చిన వేరు వేరు మిషన్లు కలిశాయి గానీ, మన ఊళ్ళో పదహైదు అడుగుల గదిలో రెండు చాపలు కలవడానికి ఇంకో పదిహేనేళ్ళు పైనే పట్టింది. ఎట్లా కలిశాయంటే నవ్వొస్తుంది. ఎవరూ ప్రసంగం చేసి కలపలేదు. ఒక ఏడాది వానకు ఒక పక్క పెంకులు జరిగి నీళ్ళు కారాయి, మూడు వారాలు అందరూ పొడిగా ఉన్న పక్కే కూర్చోవాల్సి వచ్చింది, ఇరుక్కుని, మోకాళ్ళు తగులుతా. పెంకులు సర్దాక కొందరు వెనక్కి పోయారు, మా జేజి పోలేదు. ఎందుకు పోలేదే అంటే, "ఈ పక్క గాలొస్తాది" అనింది. ఆమె చూసి ఇంకో నలుగురు. అట్లా అట్లా. పెద్ద మనసుతో జరిగిందని నేను చెప్పను, కానీ మూడు వారాలు పక్కన కూర్చున్నాక ఒకరి పిల్లలకు ఒకరు ముక్కు తుడవడం అలవాటైపోయింది.

కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి ఉత్తరంలో, పదకొండో అధ్యాయంలో, ప్రభురాత్రి భోజనం గురించి మనం బల్ల రోజున చదివే మాటలున్నాయి. వాటికి ముందు ఏముందో చదవండి. అప్పట్లో చర్చి కట్టడాలు లేవు, ఇళ్ళల్లో కూడేవాళ్ళు, భోజనం కూడా అక్కడే. ఉన్నవాళ్ళు ముందు వచ్చి తినేసేవాళ్ళు, లేనివాళ్ళకు ఏమీ మిగిలేది కాదు. "ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును" అని పౌలు మండిపడ్డాడు. ఇంత కోపంగా రాసి చివరికి వాళ్ళకు చెప్పింది చాలా చిన్న పని: భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరికోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి. ఆగండి, అంతే. కానుక సంచి చెప్పుల దగ్గరిదాకా పోవడానికి ఇంకో అర నిమిషం పట్టేది.

ఒక్క జాగ్రత్త చెప్తా. సండే స్కూల్ హాజరు పెంచుకోవడానికి ఆ పిల్లోణ్ణి పిలవొద్దు, బహుమతి వస్తుందనీ పిలవొద్దు. ధాత కరువు వచ్చినప్పుడు, అంటే 1876 నుంచి 78 దాకా, ఒంగోలు దగ్గర క్లౌ దొర అని అమెరికన్ బాప్తిస్టు మిషనరీ ఉండేవాడు. బకింగ్‌హామ్ కాలువ తవ్వే పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని, కరువులో ఉన్నవాళ్ళకు కూలీ దొరికేట్టు చేశాడు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు, కూటికోసం మతంలో కలిశారనే మాట ఎవరికీ రాకూడదని. కరువు తగ్గాక 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందరూ ఆ 2,222 గురించి చెప్తారు. నాకు మాత్రం ఆ లెక్క కంటే ఆపేసిన రోజులే ఎక్కువ నచ్చుతాయి.

సరే. నేను శనివారం సాయంత్రం ఐదింటికి వాళ్ళింటికి పోతున్నా. రావాలనుకున్నవాళ్ళు చర్చి ముందర వేపచెట్టు కిందికి రండి, నలుగురు చాలు, పదిమంది పోతే వాడు భయపడి మిద్దె ఎక్కుతాడు. ఉడకబెట్టిన చెనక్కాయలు నేను తెస్తా. కువైటోడు అన్నవాడు వస్తే బాగుంటుంది, పేరు నేను అడగను, చెనక్కాయల సంచి వాడు మోస్తే చాలు. మీ అమ్మ ఎప్పుడొస్తుంది అని మాత్రం అడగొద్దు, ఊరంతా అదే అడుగుతా ఉంది వాణ్ణి. వాడికి గోలీలు బాగా వచ్చంట, వాళ్ళ జేజి చెప్పింది, కాబట్టి ఎవరి దగ్గరైనా ఉంటే జేబులో వేసుకుని రండి, మనవాళ్ళు ఓడిపోతే ఓడిపోయారు.

బిళ్ళ నా కొంగుకు కట్టి పెట్టా. శనివారం వాడి చేతికిస్తా, ఆదివారం వాడే వేస్తాడు. ఈ వారం కానుక సంచి తిప్పేది ఎవరో టీచర్‌ను అడిగి నాకు చెప్పండి, వాళ్ళతో కొంచెం మాట్లాడే పని ఉంది.

మీ అవ్వ