ఒంటరి బైక్ ప్రయాణం, దారిలో ఎదురయ్యే మనుషులు: అపోహలు - వాస్తవాలు

లాంగ్ రైడ్‌కి ఒక్కణ్ణే బయల్దేరుతున్నానంటే ఇంట్లోవాళ్లు ముందు అడిగేది, "దారిలో ఏదైనా అయితే ఎవరున్నార్రా?" అని. ఏళ్ల తరబడి ఒంటరిగా తిరుగుతున్నాను. కొత్తగా వెళ్లేవాళ్లకి రూటు గురించి, సామాను గురించి నాకు తెలిసింది చెబుతుంటాను. వాళ్ల టెన్షన్‌లో సగం బండి గురించి, మిగతా సగం దారిలో తగిలే మనుషుల గురించి. ఈ రెండో సగం గురించే ఎక్కువ చెప్పాలి.

అపోహ: ఒక్కడివే వెళ్తే కష్టమొచ్చినప్పుడు పలకరించే దిక్కుండదు.

వాస్తవం: ఒక్కరే కనబడితేనే జనం ఎక్కువగా పలకరిస్తారు. పది బళ్లు గుంపుగా ధాబా ముందు ఆగితే, వాళ్లకి వాళ్లే ఉన్నారులే అని ఎవరి పనిలో వాళ్లుంటారు. అదే ఒక్క మనిషి హెల్మెట్ తీసి మొహం కడుక్కుంటుంటే, "ఏ ఊరు బాబూ? ఒక్కడివేనా?" అంటూ ఎవరో ఒకరు దగ్గరికొస్తారు.

44వ నంబరు జాతీయ రహదారి మీద ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలోకి వెళ్లాక హింగన్‌ఘాట్ వైపు పత్తిచేలు ఎక్కువ. ఆ దారిలో ఒకసారి పొద్దుగూకే వేళ నా వెనక టైరు పంక్చరయింది. స్పోకుల చక్రం, లోపల ట్యూబు. అలాంటిది చక్రం విప్పితే గానీ పని జరగదు. విప్పుతుండగా చేలోంచి ఇంటికి పోతున్న భార్యాభర్తలు, వాళ్ల కొడుకు బండి ఆపారు. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. చక్రం ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చోమన్నాడు. మరి నా బండి, సామాను? ఆవిడ, పిల్లాడు అక్కడే గట్టు మీద కూర్చున్నారు, వెళ్లి రమ్మన్నట్టు చెయ్యి ఊపారు. పంక్చర్ కొట్టులో ట్యూబుని నీళ్లతొట్టిలో ముంచి బుడగలు వెతుకుతున్నంతసేపూ ఆయన కదల్లేదు. మేం తిరిగొచ్చేసరికి చీకటి పడింది. లారీలవాళ్లకి కనబడాలని ఆ పిల్లాడు నా బండి వెనక నిలబడి ఫోన్ టార్చి చూపిస్తున్నాడు. డబ్బు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "ఇల్లు చేరాక ఒక ఫోన్ చెయ్యి భావూ" అన్నాడు హిందీలో. చేశాను. పత్తి ఏరే రోజుల్లో ఇప్పటికీ మాట్లాడుకుంటాం.

ఇంకో మాట. ఉత్తరాదిన మన నంబరు ప్లేటున్న లారీ కనబడితే ఆగి పలకరించండి. బండి పక్కన స్టవ్వు పెట్టుకుని అన్నం, పప్పు వండుకుంటున్న డ్రైవరన్నకి తెలుగు వినబడితే చాలు, మీకూ ఒక పళ్లెం పడుతుంది. ముందు దారి ఎలా ఉందో, ఏ వంతెన దగ్గర పని జరుగుతోందో ఆయనకి తెలిసినంతగా మీ ఫోన్‌లోని మ్యాప్‌కి తెలియదు.

అపోహ: దూరం వెళ్లాలంటే పెద్ద బండి ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. 100 సీసీ బళ్ల మీద లద్దాఖ్ వెళ్లొచ్చినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. స్ప్లెండర్ క్లచ్ వైరు ఏ మండల కేంద్రంలో అడిగినా దొరుకుతుంది. ఖరీదైన బండికి అదే వైరు కావాలంటే పెద్ద సిటీ నుంచి తెప్పించుకోవాలి. పల్లెటూరి మెకానిక్ చెయ్యి తిరిగిన బండే మీకు మంచి బండి.

అపోహ: దారిలో ఎవరో ఒకరు ఆదుకుంటారు, ప్లానింగ్ ఎందుకు?

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో టాండీ పెట్రోల్ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే బోర్డు రైడర్లలో చాలా ప్రసిద్ధం. 13 లీటర్ల ట్యాంకు, 30 మైలేజీ అనుకుంటే కాగితం మీద సరిపోతుంది. కానీ ఎత్తు పెరిగేకొద్దీ, ఘాట్‌లో తక్కువ గేర్లలో లాగేకొద్దీ మైలేజీ పడిపోతుంది. డబ్బాలో అదనంగా పెట్రోలు పెట్టుకోకుండా వెళ్లి, సముద్ర మట్టానికి 4 వేల మీటర్ల పైన ఎవరి బండో ఆపి లీటరు అడిగితే, పాపం వాళ్లు కాదనరు. అయితే తమ అవసరానికి దాచుకున్నదే మీకు పోసిస్తారు. అలా తీసుకోవడం నాకు మర్యాదగా అనిపించదు.

అందుకే తెలిసిన ఇబ్బందులకి మనమే సిద్ధపడాలి. ట్యూబ్ టైరైతే స్పేర్ ట్యూబు, టైరు విప్పే లీవర్లు, పంపు. ట్యూబ్‌లెస్ అయితే ప్లగ్ కిట్. క్లచ్ వైరు, చైన్ లింకు, ఫ్యూజులు. వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. లేహ్ ఎత్తు దాదాపు 3,500 మీటర్లు. అక్కడికి చేరాక శరీరం అలవాటు పడేదాకా విశ్రాంతి తీసుకోవాలి. జాతీయ రహదారుల మీద ఇబ్బంది వస్తే 1033కి ఫోన్ చెయ్యొచ్చు. చీకటి పడకముందే బస చూసుకోవాలి. రాత్రిపూట దారి తప్పొచ్చి తలుపు కొట్టినవాడికి తలుపు తియ్యాలంటే ఆ ఇంట్లోవాళ్లకీ భయమే కదా.

అపోహ: సాయం చేసినవాళ్ల చేతిలో ఒక నోటు పెట్టేస్తే సరిపోతుంది.

వాస్తవం: మెకానిక్‌కి, పంక్చర్ కొట్టుకి, ధాబాకి బేరమాడకుండా ఇవ్వండి, అది వాళ్ల జీవనాధారం. ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టినవాళ్ల ముందు పర్సు తీస్తే మాత్రం వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. కాసేపు కూర్చుని కబుర్లు చెప్పండి. తిన్న పళ్లెం మీరే తీయండి. వాళ్ల ఫొటో తీసే ముందు అడగండి, ఇల్లు ఎక్కడుందో నలుగురికీ తెలిసేలా పెట్టకండి.

మనకి దగ్గర్లో నాందేడ్ హజూర్ సాహిబ్, బీదర్ నానక్ ఝీరా గురుద్వారాలున్నాయి. అక్కడ అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్‌లో మీ మతం, ఊరు ఎవరూ అడగరు. తలమీద గుడ్డ కప్పుకుని అందరితో పాటు వరసలో నేలమీద కూర్చుంటే రొట్టె, పప్పు వడ్డిస్తారు. తిన్నాక గిన్నెలు కడిగేచోట ఒక గంట నిలబడి చెయ్యి కలపండి, వద్దనరు.

అపోహ: రోడ్డు మీద అందరూ మంచివాళ్లే.

వాస్తవం: నేను చెప్పేదంతా ఒక మగవాడి అనుభవం, అదీ జాకెట్, గ్లౌజులు వేసుకున్నవాడి అనుభవం. పాత టీవీఎస్ ఎక్సెల్ మీద మూటాముల్లె కట్టుకుని పనికి వలసపోయే మనిషి అదే రోడ్డు మీద ఆగితే నాకిచ్చినంత మర్యాద ఇవ్వడం నేను చూడలేదు. ఈ తేడా నన్ను బాధపెడుతుంది.

ఒంటరిగా తిరిగే ఆడవాళ్లు ఇంకో రకంగా జాగ్రత్తపడతారు. బస ఎక్కడో దారిలో ఎవరికీ చెప్పరు. లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్లకి పంపుతారు. ఆగాల్సివస్తే మనుషులున్న పెట్రోల్ బంకు దగ్గరో, ఆడవాళ్లున్న ఇంటి దగ్గరో ఆగుతారు. బ్రిటన్‌కి చెందిన ఎల్స్‌పెత్ బియర్డ్ 1982లో పాత బీఎండబ్ల్యూ మీద ఒంటరిగా ప్రపంచయాత్రకి బయల్దేరింది. థాయ్‌లాండ్‌లో కుక్క అడ్డొచ్చి పడిపోతే, తన భాష తెలియని ఒక పేద కుటుంబం ఆమెని ఇంట్లో పెట్టుకుని కోలుకునేదాకా చూసుకుంది. అలాంటివాళ్లు ఉన్నారు. అయినా మీ మనసుకి ఏదో తేడాగా అనిపిస్తే మొహమాటపడకండి. "మావాళ్లు వెనకే వస్తున్నారు" అని చెప్పి బండి తియ్యండి.

అపోహ: ప్రమాదం జరిగినవాళ్లని ముట్టుకుంటే పోలీసు కేసులో ఇరుక్కుంటాం.

వాస్తవం: దీనివల్ల రోడ్డు మీద ప్రాణాలు పోతున్నాయి. అందరి సాయం అందుకుంటూ తిరిగే మనం ముందుగా వదిలించుకోవాల్సిన భయం ఇదే. సాయం చేసినవాళ్లని వేధించకూడదన్న మార్గదర్శకాలని సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఏ సెక్షన్ చేర్చారు. సదుద్దేశంతో సాయం చేస్తే మీమీద సివిల్ కేసు గానీ, క్రిమినల్ కేసు గానీ ఉండదు. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పక్కర్లేదు. తీవ్రంగా గాయపడినవాళ్లని మొదటి గంటలోపు ఆసుపత్రికి చేర్చినవాళ్లకి కేంద్రం ఇచ్చే పారితోషికం 2025లో 25 వేల రూపాయలకి పెరిగింది.

ముందు మీ బండిని రోడ్డు పక్కకి తీసి ఇండికేటర్లు వెయ్యండి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగకండి, మెడకి దెబ్బ తగిలి ఉండొచ్చు. నోట్లో నీళ్లు పొయ్యకండి. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. ఎక్కడున్నారో చెప్పడం తెలియకపోతే దగ్గర్లోని కిలోమీటరు రాయి మీదున్న రోడ్డు నంబరు, దూరం చదివి చెప్పండి. అంబులెన్సు వచ్చేదాకా ఆ మనిషి పక్కనే ఉండి మాట్లాడుతూ ఉండండి.